గడ్డకు కాళ్ళు ఎక్కడివి? బయాప్సీ రిపోర్టులో కనిపించే ప్రొటీన్ల సంగతి

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మకు రొమ్ములో గడ్డ. ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టులో 'ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 2' అని, దాని కింద 'సైటోకెరటిన్ పాజిటివ్, ఈ-క్యాడ్‌హెరిన్ పాజిటివ్' అని ఉందట. "సార్, సైటోస్కెలిటన్ పాఠంలో చదివిన పేర్లే ఇక్కడ కనిపిస్తున్నయి. కణానికి ఆకారం ఇచ్చే ప్రొటీన్లకు క్యాన్సర్‌తో ఏం పని? గడ్డకు కాళ్ళు లేవు కదా, ఎట్ల పాకుతది? సూది గుచ్చినందుకే పాకుతదని మా మేనత్త అంటున్నది, నిజమేనా?"

బిడ్డా, మీ మేనత్త మాటతోనే మొదలుపెడతాను. మీ ఇంట్లో ఇప్పుడు అందరి నిద్ర చెడగొడుతున్నది ఆ మాటే అయి ఉంటుంది. సూది గుచ్చినందుకు రొమ్ము గడ్డ పాకదు. సూది వెళ్ళిన దారిలో కొన్ని కణాలు చెదురుతాయి, అది నిజమే. కానీ వాటిలో దాదాపు అన్నీ అక్కడే చచ్చిపోతాయి. ముక్క పరీక్ష చేయించుకున్నందుకు రొమ్ము క్యాన్సర్ రోగుల ఆయుష్షు తగ్గిందని ఎక్కడా తేలలేదు. సూది పెట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయి, వృషణంలో గడ్డ అట్లాంటిది. ఆ సంగతి డాక్టర్లకు తెలుసు, అక్కడ వాళ్ళే పెట్టరు.

నేను నల్లగొండలో పాథాలజిస్టుగా ఇరవై ఏడేళ్ళుగా స్లైడ్లు చూస్తున్నాను. ఈ సూది భయంతో ఆలస్యం చేసుకున్నవాళ్ళు నా బల్ల ముందుకు ఎంతోమంది వచ్చారు. సాగర్ వైపు తండా నుంచి వచ్చిన ఒక తల్లి గడ్డ కనపడ్డాక తొమ్మిది నెలలు పసరు కట్టు కట్టించుకుంది. వచ్చేనాటికి చంకలో కూడా గడ్డలు చేతికి తగులుతున్నాయి. ఆ తొమ్మిది నెలల్లో ఆ గడ్డకు ఎవరూ సూది గుచ్చలేదు, కత్తి పెట్టలేదు. అయినా పాకింది. ఎట్ల పాకిందో చెప్పాలంటే నువ్వు అడిగిన ప్రొటీన్ల దగ్గరికే రావాలి.

ఒక మాట ముందే అనుకుందాం. క్యాన్సర్ కణం కొత్తగా కాళ్ళు మొలిపించుకోదు. నడిచే సామాను ప్రతి కణంలోనూ ముందు నుంచే ఉంది. తల్లి కడుపులో పిండం తయారయ్యేటప్పుడు మన కణాలు బారులు బారులుగా నడిచాయి. వెన్ను వైపు పుట్టిన కణాలు ముఖం దాకా, పేగుల దాకా ప్రయాణించాయి. చర్మం తెగితే గాయం అంచుల్లోని కణాలు ఇప్పటికీ పాక్కుంటూ వచ్చి మూస్తాయి. తెల్ల రక్తకణాలు జీవితమంతా నడుస్తూనే ఉంటాయి. పెద్దయ్యాక చాలా కణాలు ఆ సామాను మడిచి పక్కన పెట్టి, ఉన్నచోట ఉండి పని చేసుకుంటాయి. క్యాన్సర్ కణం ఆ మడత విప్పుతుంది, అంతే. విప్పమని ఎవరూ చెప్పకుండా, ఆపమన్నా ఆగకుండా.

ఆ సామానే సైటోస్కెలిటన్, అంటే కణం అస్థిపంజరం. అది మూడు రకాలు. పాఠంలో చదివే ఉంటావు, అందుకే పైపైన పోతాను. యాక్టిన్ దారాలు 7 నానోమీటర్ల మందం, అన్నిటికన్నా సన్నవి. కణం అంచుల కింద వల లాగా ఉంటాయి. ట్యూబులిన్‌తో కట్టిన సూక్ష్మనాళికలు 25 నానోమీటర్లు, లోపల బోలుగా ఉండే గొట్టాలు. సరుకు రవాణాకు అవే పట్టాలు, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో వైపు లాగేవీ అవే. ఈ రెంటికీ మధ్య 10 నానోమీటర్ల మందంతో మధ్యస్థ తంతువులు. కెరటిన్, విమెంటిన్, డెస్మిన్ ఈ కుటుంబంవే. యాక్టిన్, ట్యూబులిన్ గంటగంటకూ, కొన్నిచోట్ల నిమిషాల్లోనే కూలి మళ్ళీ లేస్తుంటాయి. మధ్యస్థ తంతువులు అట్లా కాదు, గట్టి మోకుల లాగా నిలబడి లాగుడును తట్టుకుంటాయి. అస్థిపంజరం అనే పేరు విని గట్టిగా, కదలకుండా ఉండేదాన్ని ఊహించుకోవద్దు. పగలల్లా విప్పుతూ, కడుతూ ఉండే పందిరి అనుకో.

మామూలు కణం క్యాన్సర్ కణంగా మారడంలో ఈ పందిరి పాత్ర ఏమిటో ముందు చూద్దాం, నడక తర్వాత.

గాజు పళ్ళెంలో మామూలు ఫైబ్రోబ్లాస్టు కణాలను (ఒంట్లో నార నేసేవి) పెంచితే అవి నేలకు అతుక్కుని పలచగా పరుచుకుంటాయి. ఒకదానికొకటి తగలగానే అటు వైపు కదలిక ఆపేస్తాయి. దీన్ని 1950ల మొదట్లో లండన్‌లో మైకేల్ అబర్‌క్రాంబీ, జోన్ హీస్‌మన్ గమనించి లెక్కగట్టారు. పళ్ళెం నిండితే విభజన కూడా నెమ్మదిస్తుంది. క్యాన్సర్‌గా మారిన కణాలకు ఈ మర్యాద ఉండదు. ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కుప్ప పడతాయి. 1975లో యాక్టిన్‌కు మెరిసే యాంటీబాడీలు పట్టించి చూసినవాళ్ళకు ఇంకో సంగతి కనబడింది. మామూలు కణంలో ఈ మూల నుంచి ఆ మూలకు బిగించి కట్టినట్టుండే యాక్టిన్ కట్టలు, మారిన కణాల్లో చాలావరకు చెదిరిపోయి ఉన్నాయి.

ఆ కట్టలను చెదరగొట్టేది ఎవరు? దీని వెనుక కథ కోడి నుంచి మొదలవుతుంది. 1911లో పేటన్ రౌస్ అనే ఆయన కోడి కంతిని నూరి, కణాలేవీ దాటలేని వడపోత పట్టి, ఆ రసాన్ని ఇంకో కోడికి ఎక్కిస్తే దానికీ కంతి వచ్చింది. రసంలో ఉన్నది వైరస్. ఆయనకు నోబెల్ 1966లో గానీ రాలేదు. ఆ వైరస్‌లోని సార్క్ అనే జన్యువు అసలు కోడి కణంలోదేనని 1976లో బిషప్, వార్మస్ బృందం చూపింది. మన కణాల్లోనూ అది ఉందని తర్వాత తేలింది. వాళ్ళకు 1989లో నోబెల్ వచ్చింది. సార్క్ ప్రొటీన్ పని ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించడం. అది ఫాస్ఫేటు తగిలించే వాటిలో చాలా భాగం ఎక్కడ ఉంటాయో తెలుసా? కణం నేలను పట్టుకునే చోట, యాక్టిన్ కట్టల కొసల్లో. అంటే గీత తప్పిన ఒక్క జన్యువు కణానికి 'పెరుగు' అని చెప్పే చేత్తోనే 'పట్టు వదులు' అని కూడా చెబుతున్నది. విద్యార్థులకు ఈ రెంటినీ వేర్వేరు అధ్యాయాల్లో చెప్పడం నాకు నచ్చదు. పెరుగుదల, ఆకారం, పట్టు, ఈ మూడూ ఒకే తీగ మీద ఉన్నాయి.

దీనికి ఎదురు రుజువు కూడా ఉంది. మారిన కణాల్లో తగ్గిపోయే ప్రొటీన్లలో ట్రోపోమయోసిన్ ఒకటి. అది యాక్టిన్ దారం మీద పెనవేసుకుని తెగకుండా కాపాడుతుంది. వింక్యులిన్ ఇంకొకటి, యాక్టిన్‌ను నేల పట్టుకు ముడివేసేది. ప్రయోగశాలలో వీటిని తిరిగి ఎక్కువ చేస్తే కొన్ని రకాల మారిన కణాలు మళ్ళీ పరుచుకున్నాయి, ఎలుకల్లో కంతులు కట్టడం తగ్గింది. జన్యువుల తప్పు అట్లాగే ఉంది, పందిరి సరిచేసినందుకే కణం నడవడి కొంత మారింది. నా మటుకు ఈ శాస్త్రంలో ఇంతకంటే ఆశ కలిగించే మాట లేదు.

మామూలు కణానికి కాలు మోపడానికి నేల కావాలి. నేల దొరకకపోతే తనంత తానే చచ్చిపోతుంది. ఇది శరీరం పెట్టుకున్న కాపలా, ఎక్కడి కణం అక్కడే ఉండేందుకు. క్యాన్సర్ కణం అగార్ అనే మెత్తటి జిగురులో, ఏ పట్టూ లేకుండా తేలుతూ కూడా పెరుగుతుంది. పట్టు ఉన్నదీ లేనిదీ కణానికి తెలిసేది ఇంటిగ్రిన్ల ద్వారా. బయటి తాళ్ళను ఒక చేత్తో, లోపలి యాక్టిన్‌ను ఇంకో చేత్తో పట్టుకునే ప్రొటీన్లు అవి. బయటి నేల గట్టిగా ఉంటే లోపలి యాక్టిన్ బిగుస్తుంది. ఆ బిగువుకు యాప్ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్ళి విభజన జన్యువులను లేపుతుందని 2011లో ఇటలీ పరిశోధకులు చూపారు.

నువ్వు మీ అమ్మ గడ్డను తాకి చూసి ఉంటే రాయి లాగా తగిలి ఉంటుంది. ఆ గట్టిదనం ఎక్కువగా క్యాన్సర్ కణాలది కాదు. చుట్టూ పేరుకున్న కొల్లాజెన్ నారది, దాన్ని నేసే ఫైబ్రోబ్లాస్టులది. లోపలి క్యాన్సర్ కణాలు మాత్రం మామూలు కణాలకన్నా మెత్తనివి. 2007లో కాలిఫోర్నియాలో రోగుల ఛాతీ నీరు తీసి, అందులోని కణాలను ఒక్కొక్కటిగా సన్నటి మొనతో నొక్కి కొలిచారు. పాకిన క్యాన్సర్ కణాలు పక్కనున్న మామూలు కణాలకన్నా 70 శాతానికి పైగా మెత్తగా తేలాయి. మెత్తటి కణం సన్నటి సందులోంచి దూరిపోతుంది. గట్టి నేల దాన్ని ముందుకు నడవమంటుంది. రెండూ ఒకే గడ్డలో కలిసి ఉన్నాయి చూడు.

ఇప్పుడు నడక. దీన్ని నేను విద్యార్థులకు తాటిచెట్టు ఎక్కే గౌడన్నతో చెబుతాను. మా వైపు తాటివనాలు చూడనివాళ్ళు లేరు కాబట్టి వెంటనే అర్థమవుతుంది. గౌడన్న మోకును చెట్టు చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకుంటాడు. మోకును పైకి విసురుతాడు. అది చెట్టును పట్టాక దాని మీద బరువు ఆనించి ఒంటిని పైకి లాగుతాడు. ఆ తర్వాతే కింది కాలి పట్టు సడలించి కాళ్ళు పైకి తెచ్చుకుంటాడు. విసరడం, పట్టడం, లాగడం, సడలించడం. కణం కూడా ఇదే వరుసలో నడుస్తుంది.

విసరడం యాక్టిన్ పని. కణం ముందు అంచున ఆర్ప్ 2/3 అనే ఏడు ప్రొటీన్ల ముఠా ఉంటుంది. పాత యాక్టిన్ దారం పక్కన కూర్చుని సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ మొలిపిస్తుంది. కొమ్మకు కొమ్మ, దానికి మళ్ళీ కొమ్మ. తుమ్మ కంప లాగా అల్లుకుపోయి పొరను ముందుకు నెడుతుంది. వెనక పాతబడ్డ దారాలను కోఫిలిన్ తెంపుతుంది, ప్రొఫిలిన్ ఆ ముక్కలను మళ్ళీ వాడుకునేట్టు చేసి ముందుకు పంపుతుంది. వెనక కూలింది ముందు లేస్తుంది కాబట్టి సరుకు అయిపోదు. సూదుల్లా పొడుచుకొచ్చే వేళ్ళలో మాత్రం దారాలు కొమ్మలుగా కాక, ఫ్యాసిన్ కట్టిన కట్టలుగా ఉంటాయి. మామూలు పై పొర కణాల్లో ఫ్యాసిన్ దాదాపు కనిపించదు. చాలా క్యాన్సర్లలో మాత్రం అది ఎక్కువగా కనిపిస్తుంది, పాకే గుణంతో దానికి సంబంధం దొరికింది.

పట్టడం ఇంటిగ్రిన్లది. లాగడం మయోసిన్‌ది. మన కండలో యాక్టిన్‌ను లాగే ప్రొటీన్‌కు చిన్న చెల్లెలే ఈ మయోసిన్-2. యాక్టిన్‌ను మొదట కనిపెట్టింది కూడా కండలోనే, 1942లో హంగేరీలోని సెగెద్‌లో, బ్రూనో స్ట్రౌబ్. ఏ క్షణాన ఏ పని జరగాలో చెప్పేవాళ్ళు మూడు చిన్న ప్రొటీన్లు. రాక్ చెబితే అంచు విచ్చుకుంటుంది, సీడీసీ-42 చెబితే వేళ్ళు పొడుస్తాయి, రో చెబితే బిగువు వస్తుంది. రో, రాక్ పనులను 1992లో యాన్ రిడ్లీ, అలన్ హాల్ వేరు చేసి చూపారు. క్యాన్సర్‌లో యాక్టిన్ జన్యువు కన్నా దానికి ఆజ్ఞలిచ్చే ఈ పెద్దలే ఎక్కువగా చెడతారు. ఎండ తగిలే చర్మం మీది మెలనోమాల్లో కొన్నిటిలో రాక్-1 జన్యువు ఒకే చోట మారి ఉంటుంది, అది ఆగకుండా ఆజ్ఞలిస్తుంది. చెల్లాచెదురుగా పాకే రకం కడుపు క్యాన్సర్లలో రో-ఏ మార్పులు 2014లో బయటపడ్డాయి.

ఈ నడక వేగం వింటే ఆశ్చర్యపోతావు. చాలా క్యాన్సర్ కణాలు నిమిషానికి ఒక మైక్రాన్ కూడా పోవు. రోజంతా ఆగకుండా నడిచినా దూరం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. నిజానికి ఒంట్లో ఆగకుండా నడవదు కూడా. అంత నెమ్మది కాళ్ళతో రొమ్ము నుంచి ఎముక దాకా నడిచి పోదు. అది నడవాల్సింది పక్కనున్న రక్తనాళం దాకానో, లింఫు కాలువ దాకానో మాత్రమే. అక్కడికి చేరితే తర్వాతి దూరమంతా ప్రవాహమే మోసుకుపోతుంది.

అక్కడికి చేరే దారిలో మొదటి గోడ ఆధార త్వచం. పాల నాళం చుట్టూ పలచటి పట్టు గుడ్డ లాగా కప్పి ఉంటుంది. క్యాన్సర్ కణాలు ఆ గుడ్డ లోపలే ఉంటే రిపోర్టులో 'ఇన్ సిటూ' అని రాస్తాం, అంటే గోడ దాటలేదని. దాటితే 'ఇన్వేసివ్'. మీ అమ్మ రిపోర్టులో ఆ మాటకు అర్థం ఇంతే. అది 'ఒళ్ళంతా పాకింది' అని కాదు, బిడ్డా. ఈ మాట చదివి ఏడ్చినవాళ్ళను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. గోడ దాటిన క్యాన్సర్ ఎక్కడి దాకా పోయిందో చెప్పేవి వేరే పరీక్షలు.

ఆ గోడకు కన్నం పెట్టేదీ యాక్టినే. కణం కింది వైపున యాక్టిన్, కార్టాక్టిన్ కలిసి చిన్న మొనలు దింపుతాయి. ఇన్వడోపోడియా అంటారు. ఆ మొనల కొసకు సూక్ష్మనాళికల పట్టాల మీద కోత ఎంజైములు చేరుతాయి, కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. ఈ సంగతి తెలిశాక కోత ఎంజైములను ఆపే మందులు తయారు చేశారు, 1990ల చివర్లో రోగుల మీద పెద్ద ఎత్తున పరీక్షించారు. పని చేయలేదు. కారణాల్లో ఒకటి 2003 ప్రాంతంలో తేటపడింది. కోయలేని కణం నడక మార్చుకుంటుంది. గుండ్రంగా మారి, రో ఆజ్ఞతో ఒళ్ళు బిగించి, నారల సందుల్లోంచి అమీబా లాగా జారిపోతుంది. ఒక దారి మూస్తే ఇంకో దారి. ఈ సంగతి తెలియక ఒకే ప్రొటీన్‌ను పట్టుకుని 'ఇది ఆపితే క్యాన్సర్ పాకదు' అని రాసే వార్తలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆశతో చదివే రోగులు ఉంటారు కదా.

సందులోంచి దూరేటప్పుడు కణానికి అడ్డం పడేది కేంద్రకం. కణం లోపల అన్నిటికన్నా పెద్ద, గట్టి మూట అదే. దాని లోపలి అస్తరు ల్యామిన్, అది కూడా మధ్యస్థ తంతువుల కుటుంబమే. ల్యామిన్-ఏ తక్కువైతే కేంద్రకం నలిగి దూరిపోతుంది. మరీ ఇరుకులో దూరితే కేంద్రకం పొర చిరుగుతుంది, లోపలి డీఎన్ఏ దెబ్బతింటుంది. 2016లో రెండు బృందాలు దీన్ని కళ్ళకు కట్టాయి. నడవడమే కణాన్ని ఇంకా చెడగొడుతుందన్నమాట.

ఇగ మీ అమ్మ రిపోర్టులోని పేర్లు. కెరటిన్ పై పొర కణాల గుర్తు. రొమ్ము నాళాలు, పేగు, చర్మం, నోరు, ఇవన్నీ కెరటిన్ కట్టుకుంటాయి. ఎముక, కొవ్వు లాంటి వాటి కణాలు విమెంటిన్ కట్టుకుంటాయి. కణం ఎంత చెడినా పుట్టింటి గుర్తు చాలావరకు పోదు. అందుకే చంకలో ఒక గడ్డ వచ్చి ఎక్కడిదో తెలియకపోతే, తీసిన ముక్కను మైనంలో పొదిగి ఉంచిన దిమ్మ నుంచి పలచటి పొర కోసి కెరటిన్ రంగు వేస్తాం. గోధుమ రంగు వస్తే పై పొర నుంచి వచ్చిన కార్సినోమా వైపు చూస్తాం. మీ అమ్మకు 'సైటోకెరటిన్ పాజిటివ్' అంటే అంతే, భయపడే మాట కాదు.

ఈ-క్యాడ్‌హెరిన్ అసలు సైటోస్కెలిటన్ ప్రొటీన్ కాదు, పక్క కణం చెయ్యి పట్టుకునే ప్రొటీన్. కానీ లోపలి వైపు కాటెనిన్లు అనే ముడుల ద్వారా యాక్టిన్‌కు కట్టి ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా చూడలేం. ఈ ఒక్క ప్రొటీన్ పోతే ఏమవుతుందో చూడాలంటే లోబ్యులర్ అనే రెండో రకం రొమ్ము క్యాన్సర్ చూడాలి. అందులో చాలావరకు ఈ-క్యాడ్‌హెరిన్ ఉండదు. స్లైడు మీద కణాలు గుంపు కట్టవు. ఒకదాని వెనక ఒకటి చీమల బారు లాగా నారల మధ్య పోతుంటాయి. గట్టి గడ్డ కట్టకపోవడం వల్ల చేతికి ఆలస్యంగా తగులుతుంది, మామోగ్రామ్‌లో కూడా ఒక్కోసారి తప్పించుకుంటుంది. ఒకే అవయవం, ఒకే పేరు గల జబ్బు. ఒక ప్రొటీన్ తేడాతో నడకే మారిపోయింది. మీ అమ్మకు ఈ-క్యాడ్‌హెరిన్ పాజిటివ్ అంటే కణాలు ఇంకా చేతులు పట్టుకునే ఉన్నాయని, అది డక్టల్ రకమని.

పట్టుకునే ఉంటే మరి ఎట్ల పాకుతుందని నువ్వు అడుగుతావు. అడగాల్సిన ప్రశ్నే. పాఠ్యపుస్తకాల్లో ఈఎంటీ అని, అంటే పై పొర కణం విడిగా నడిచే కణంగా మారడమని చదివి ఉంటావు. కణం స్నెయిల్, ట్విస్ట్ లాంటి జన్యువులను లేపి, ఈ-క్యాడ్‌హెరిన్ వదిలి, కెరటిన్ తగ్గించి, విమెంటిన్ తొడుక్కుని ఒంటరిగా బయలుదేరుతుందని. అది జరుగుతుంది. కానీ నేను చూసే స్లైడ్లలో చాలా గడ్డలు గుంపుగానే చొచ్చుకుపోతూ కనిపిస్తాయి. ముందు నాలుగైదు కణాలు దారి తీస్తాయి, వెనక మిగతావి చేతులు పట్టుకుని నడుస్తాయి. ఎలుకల రొమ్ము క్యాన్సర్లలో ఆ ముందు నడిచే కణాలు కెరటిన్-14 తొడుక్కుని ఉంటాయని 2013లో చూపారు. రక్తంలో ఒంటరిగా పోయే కణం కన్నా గుంపుగా పోయే కణాలకు కొత్త చోట గడ్డ కట్టే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువని 2014లో అమెరికాలోని ఒక బృందం ఎలుకల్లో లెక్కగట్టింది. 2019లో ఇంకో బృందం ఎలుకల రొమ్ము క్యాన్సర్‌లో ఈ-క్యాడ్‌హెరిన్‌ను తీసేసి చూస్తే కణాలు పక్క కణజాలంలోకి ఎక్కువగానే చొచ్చుకుపోయాయి గానీ, దూరపు అవయవంలో బతకలేక చచ్చాయి. అంటే చెయ్యి వదిలితే నడక సులువు, బతుకు కష్టం. పరీక్షలో ఈఎంటీ బొమ్మ గీయి, మార్కులు వస్తాయి. మనసులో మాత్రం దాన్ని ఒక కొసగా పెట్టుకో. చాలా క్యాన్సర్ కణాలు రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటాయి.

రక్తంలో పడ్డ కణాల్లో అతి కొద్ది మాత్రమే మిగులుతాయి. ఎలుకల ప్రయోగాల్లో పదివేలలో ఒకటి కూడా కొత్త గడ్డ కట్టలేదు. ప్రవాహపు రాపిడి, తెల్ల కణాల వేట, కొత్త నేల ఒప్పకపోవడం. విత్తనం ఎంత ఉన్నా చెలక ఒప్పాలి. 1889లో స్టీఫెన్ పాజెట్ 735 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల వివరాలు చూసి చెప్పింది ఇదే.

గ్రేడ్ సంగతి ఒక్క మాట. కణాలు నాళాల ఆకారం ఎంత నిలుపుకున్నాయి, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, విభజనలు ఎన్ని, ఈ మూడూ చూసి గ్రేడ్ ఇస్తాం. మూడూ పందిరి సంగతులేనని గమనించావా? విభజనలు లెక్కపెడుతుంటే ఒక్కోసారి క్రోమోజోములను రెండు వైపులా కాక మూడు వైపులా లాగుతున్న కణం కనిపిస్తుంది. సూక్ష్మనాళికల కదురు దారి తప్పిన గుర్తు అది. అట్లా పుట్టిన పిల్ల కణాలకు క్రోమోజోముల లెక్క సరిగ్గా ఉండదు.

చికిత్సలో మీ అమ్మకు పాక్లిటాక్సెల్ ఇవ్వొచ్చు. అది పని చేసేది ఇక్కడే. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు నుంచి వచ్చిన మందు. 1971లో మన్రో వాల్, మన దేశం నుంచి వెళ్ళిన మనసుఖ్ వాణీ కలిసి దాని నిర్మాణం చెప్పారు. 1979లో సూసన్ హార్విట్జ్ అది సూక్ష్మనాళికలను విప్పుకోనివ్వకుండా బిగదీస్తుందని చూపింది. విప్పుకోలేని కదురుతో కణం చీలలేక ఆగిపోతుంది. దీనికి సరిగ్గా ఎదురు పని చేసేవి వింక్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్, అవి నాళికలను కట్టుకోనివ్వవు. అవి మన వాకిళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చాయి. ఇది విని ఆకు కషాయం కాచి ఇవ్వాలనుకునేవాళ్ళు ఉంటారు. వద్దు. ఒక్క గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి. కషాయంలో మందు మోతాదు ఉండదు, వేరే విషాలు ఉంటాయి. నరాల్లో రవాణా కూడా సూక్ష్మనాళికల మీదే కాబట్టి ఈ మందులతో వేళ్ళు, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మీ అమ్మ "చెప్పు కాలి నుంచి జారింది కూడా తెలుస్తలేదు" అంటే వయసని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చగలరు.

యాక్టిన్‌ను ఆపే మందు ఎందుకు లేదన్నది తర్వాతి ప్రశ్న. ఆపే పదార్థాలు ఉన్నాయి. సైటోకలాసిన్, లాట్రంక్యులిన్ ప్రయోగశాలలో రోజూ వాడతారు. మనిషికి ఇవ్వలేం, గుండె కొట్టుకునేది కూడా యాక్టిన్ మీదే. క్యాన్సర్ సొంత ప్రొటీన్లతో నడిచి ఉంటే ఎప్పుడో ఆపేవాళ్ళం. మనవే వాడుకుంటున్నది, అదే చిక్కు. అందుకే యాక్టిన్‌ను వదిలి, దానికి ఆజ్ఞలిచ్చే వాళ్ళ మీద, ఫ్యాసిన్ లాంటి ప్రత్యేక సహాయకుల మీద ఇప్పుడు పని జరుగుతున్నది.

మీ అమ్మ విషయంలో చేయాల్సింది చెబుతాను. రిపోర్టులో ఈఆర్, పీఆర్ (హార్మోన్లను అందుకునే ప్రొటీన్లు), హెర్2 (పెరగమనే సంకేతం అందుకునే ప్రొటీన్) ఫలితాలు ఉన్నాయో లేదో చూడు. చికిత్సను తేల్చేవి అవి, కెరటిన్ కాదు. లేకపోతే చేయమని అడుగు. పరీక్ష చేసిన చోట మైనం దిమ్మ, స్లైడ్లు అడిగి తీసుకుని దగ్గర పెట్టుకోండి. హైదరాబాదు పోతే రెండోసారి సూది అవసరం పడకపోవచ్చు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ కార్డు వెంట పెట్టుకో. మీ మేనత్తను కూడా తీసుకుపో, ఆమె అడగాల్సినవన్నీ డాక్టరునే నేరుగా అడగనీ.

కణం నడక నీ కళ్ళతో చూడాలని ఉంటే మీ కాలేజీ ల్యాబులోనే చూడొచ్చు, క్యాన్సర్ కణాలు అక్కర్లేదు. గోల్డ్ ఫిష్ ఒంటి నుంచి ఒక్క పొలుసు చిమటాతో తీసి, చేపల రింగర్ ద్రావణం (చేప ఒంటి లవణాలకు సరిపోయే ఉప్పునీరు) చుక్కలో రెండు కవర్ స్లిప్పుల మధ్య పెట్టి, తడి ఆరకుండా మూత పెట్టి కొన్ని గంటలు వదిలెయ్. పొలుసు అంచు నుంచి చర్మ కణాలు బయటికి పాకుతాయి. వీటిని వెచ్చగా ఉంచే యంత్రం అక్కర్లేదు, గది వేడి చాలు. ఫేజ్ కాంట్రాస్టు మైక్రోస్కోపులో నెలవంక ఆకారంలో, ముందు పలచటి విసనకర్ర లాంటి అంచుతో కనిపిస్తాయి. నిమిషానికి పది మైక్రాన్లకు పైగా పోతాయి కాబట్టి ఓపిక పట్టాల్సిన పని కూడా లేదు, చూస్తుండగానే జరుగుతాయి. ఆ విసనకర్ర అంతా యాక్టిన్ కొమ్మలే. ఫోన్ కెమెరాను ఐపీసుకు ఆనించి వీడియో తీసి, వేగం కొలిచి చూడు. ఎంత వచ్చిందో నాకు రాయి.